ఎటునించి మొదలు?

అబ్బా బోర్డులు రాసేవాడు. మా కార్వేటినగరంలో దుకాణాల పేర్లు, లారీల మీద ‘శ్రీ వేంకటేశ్వర’, ఇంకో లారీ మీద ‘786’ అన్నీ ఆయన కుంచెలోంచి వచ్చినవే. తెలుగు ఎడమ నించి, ఉర్దూ కుడి నించి. చెయ్యి ఎటైనా తడబడేది కాదు. ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు అటకెక్కాయి.

ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు: “సాయిబులైనా తెలుగు భలే రాస్తారే!” మెచ్చుకోలే అనుకుంటారు వాళ్లు. నాకు మాత్రం ఇల్లు అడిగి వచ్చినవాణ్ణి గడపలో నిలబెట్టి మాట్లాడినట్టుంటుంది.

మా ఆపా కొడుకు డిప్లొమా చదివి, పని దొరక్క ఇంటికొచ్చాడు. వెనక రేకుల షెడ్డులో కొయ్యను చెక్కే కంప్యూటర్ యంత్రం కడతానన్నాడు. 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్లు వాక్యూమ్ ట్యూబులతో చూపించిన పనే అది. ఇప్పుడు ఆర్డునో అనే అరచేతిలో పట్టే బోర్డు చాలు. దాన్ని నడిపే గ్రబుల్ ప్రోగ్రాం ఉచితం. చెన్నై రిచీ స్ట్రీట్లో మూడు స్టెప్పర్ మోటార్లు, మర రాడ్లు కొన్నాం. చట్రానికి పాత ప్లైవుడ్డు. మొత్తం పద్దెనిమిది వేలయింది.

మోటారు ఒక చుట్టుకు 200 అడుగులేస్తుంది. డ్రైవరు ఒక్కో అడుగునూ 16 ముక్కలు చేస్తుంది. చుట్టుకు రాడ్డు 8 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే మిల్లీమీటరుకు 400 ముక్కలు! లెక్క కాగితం మీదే. నట్టు వదులుండి, గుండ్రం గీయమంటే కోడిగుడ్డు గీసింది. రెండు నట్ల మధ్య స్ప్రింగు పెడితే దారికొచ్చింది.

అసలు దెబ్బ అక్షరాల దగ్గర తగిలింది. అబ్బా పేరు ఉర్దూలో కొట్టాం. అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరసలో పడ్డాయి. ‘కార్వేటినగరం’ కొట్టాం. వత్తు ఊడి పక్కన నిలబడింది. మా చవక సాఫ్టువేరుకు తెలిసింది ఇంగ్లీషొక్కటే. దాని ముందు నా రెండు భాషలూ ఒకే తీరున విరిగాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పిల్లాడే దారి వెతికాడు. ఇంక్‌స్కేప్‌లో రాస్తే రెండు లిపులూ కుదురుగా కూర్చున్నాయి. అక్కడే అక్షరాలను గీతలుగా మార్చి పంపాడు. ఇక యంత్రానికి భాషతో పనిలేదు. ఇక్కణ్ణించి అక్కడికెళ్లు, దిగు, కొయ్యి. అంతే.

“మామూ, ఏది పైన పెట్టాలి?” అన్నాడు.

నాకు మాట రాలేదు. ఈ దేశం నన్ను అడుగుతున్న ప్రశ్నే అది. చివరికి రెండూ ఒకే వరసలో పెట్టాం. ఎడమ నించి తెలుగు, కుడి నించి ఉర్దూ, మధ్యలో కలిసేలా.

పాత తలుపు చెక్క మీద అబ్బా పేరు తేలింది. ఆయన వణికే వేలితో ఆ గాళ్లను తడిమి చూశాడు. ఉర్దూ వైపు తల ఊపాడు. తెలుగు దగ్గర ఆగాడు.

“దీర్ఘం పొట్టిగా ఉంది, బేటా. మళ్లీ కొయ్యండి.”

మళ్లీ కోశాం.