మా యింటి గోడగడియారము

మామగారు గతించిన పిదప గోడగడియారమునకు వారమువారము కీ యిచ్చు పని మాకు సంక్రమించినది. మొన్నటి వేసవిలో దానిని నమ్మి, "ఇంకను వేళ యున్నది, రెండు ముద్దలు తినిపొమ్ము" అని అమ్మాయిని కూర్చుండబెట్టితిమి. అది నాలుగు నిమిషములు వెనుకబడి యుండెను. రైలు పోయినది, ఉద్యోగపు పరీక్షయు పోయినది. అమ్మాయి కన్నీరు చూచి గడియారమును నిందించితిమి.

ఎండకు లోలకపు కడ్డీ సాగును. సాగినకొలది ఊపు మందగించును. దినమునకు కొన్ని సెకనులే యైనను నెలనాళ్ళకు నిమిషములగును. చేతిగడియారములోని స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించియు నెలకు కొన్ని సెకనులు తప్పును. సెల్‌ఫోనులో నున్నదియు స్ఫటికమే. కాని యది పరమాణు గడియారములు చెప్పు కాలమును తరచుగా తెలిసికొని తన్ను దిద్దుకొనును. సీసియము పరమాణువునకు చెందిన యొక కిరణము 9,192,631,770 మారులు కంపించు కాలమే 1967 నుండి సెకను.

సోదరీమణులారా, తనంత తాను తప్పని గడియారము మన యిండ్లలో లేదు. మామగారు రాత్రి రేడియో వార్తలవేళ ముల్లు సవరించెడివారు. మేము కీ యిచ్చుట నేర్చితిమి గాని దిద్దుట నేర్వమైతిమి. ఇప్పుడు లోలకము క్రింది మర బిగించి బిళ్ళను కొంచెము పైకి జరిపితిమి. ప్రతి ఆదివారము ఫోను చూచి ముల్లు సవరించుచున్నాము. అమ్మాయికి మరల పరీక్ష వచ్చుచున్నది.