వెళ్లిపోతానన్న ఆటగాడు మళ్లీ వస్తానంటే



ఈసారి స్కాలర్‌షిప్పు సంగతి కాదు, మెస్ సంగతి అంతకంటే కాదు. ఆట సంగతి రాస్తున్నాం, అదీ అమెరికా ఆట. "మనకెందుకురా అది" అనకండి, కొంచెం ఓపిక పట్టి చదవండి.

ప్రశ్న ఇది. ఒక టీమును పదహారు సీజన్లు భుజాన మోసిన ఆటగాడు అందరి ముందూ ఏడ్చి, ఇక చాలు అని వెళ్లిపోయాడు. నాలుగు నెలలు తిరిగేసరికి మళ్లీ ఆడతానన్నాడు. అప్పటికే అతని చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. టీము అతన్ని రానివ్వాలా, వద్దా?

మా రూంలో ఆరుగురం ఉంటాం. ఒకడు ఫోన్లో ఈ ఆట చూస్తాడు, వాడి వల్ల అందరికీ అంటుకుంది. ఈ ప్రశ్న మీద లైట్లు ఆర్పేశాక కూడా మూడు రాత్రులు వాదించుకున్నాం. నలుగురం ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. ఈ పోస్టు నలుగురి మాట. కానీ ఆ ఇద్దరు చెప్పిందీ దాచం, ఎందుకంటే వాళ్ల దగ్గరున్న లెక్కలు మా దగ్గర లేవు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. పేరు ఫుట్‌బాల్ అయినా దాన్ని ఎక్కువగా చేతులతోనే ఆడతారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటది. ఒక్కో వైపు పదకొండు మంది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు వెనకాల నిలబడి, బంతి అందుకుని, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. మన వాలీబాల్లో లిఫ్టర్ ఎలాగో అలాగ. షూటర్లు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు గానీ, బంతి ఎవరికి లేపాలో లిఫ్టర్ చేతిలో ఉంటది కదా. క్వార్టర్‌బ్యాక్ చోటు కూడా ఒక్కటే. ఇద్దరు సగం సగం పంచుకునేది కాదు. ఒకడు ఆడుతుంటే రెండోవాడు గీత బయట నిలబడాలి. నెలలు కాదు, ఏళ్లు. మా వాదన అంతా ఆ రెండోవాడి గురించే.

టీము పేరు గ్రీన్ బే ప్యాకర్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్షకు కాస్త పైన జనాభా ఉన్న ఊరు గ్రీన్ బే. అంత చిన్న ఊరికి ఇంత పెద్ద టీము అమెరికాలో ఇంకెక్కడా లేదు. దీనికి కోటీశ్వరుడు ఓనరు లేడు. మామూలు జనమే వాటాదారులు, ఇప్పుడు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. వాటాకు లాభం పైసా రాదు, అయినా కొంటారు. 1919లో టీము పెట్టినప్పుడు చొక్కాలకు డబ్బిచ్చింది ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ అనే మాంసం డబ్బాల కంపెనీ, అందుకే ఆ పేరు. ఆ ఇండియన్ మనం కాదు, అక్కడి ఆదివాసులకు తెల్లవాళ్లు పెట్టిన పేరు. గ్రీన్ బే పక్కనే వనైడా ఆదివాసుల నేల ఉంది, ఆ టీము స్టేడియంలో ఒక గేటుకు వాళ్ల పేరే ఉంది. ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాం. ఈ లీగు 1920లో మొదలైనప్పుడు దాని మొదటి అధ్యక్షుడు జిమ్ థోర్ప్. 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు తెచ్చిన ఆదివాసి. ఆయన ఆట నేర్చింది కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్లో. పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని స్కూలు అది. ఆయన మీద వేరే పోస్టు రాయాలి, రాస్తాం.

ఇక అసలు మనిషి, బ్రెట్ ఫార్వ్. ఇంగ్లీషులో రాసింది చూస్తే ఫావ్రే అని చదవాలనిపిస్తది, పలికేది మాత్రం ఫార్వ్. మిసిసిపీలో కిల్న్ అనే చిన్న ఊరివాడు. స్కూల్లో కోచ్ ఆయన నాన్నే. మొదట అట్లాంటా టీము తీసుకుంది, ఏడాదికే వదులుకుంది. 1992లో గ్రీన్ బే తెచ్చుకుంది. ఆ సెప్టెంబరులో మొదలుపెట్టినవాడు 2010 డిసెంబరు దాకా లీగు మ్యాచులు వరుసగా 297 ఆడాడు, ఒక్కటి కూడా వదల్లేదు. ప్రతి మ్యాచులో నూటపాతిక కిలోల మనుషులు వచ్చి మీద పడే ఆటలో ఇది! వేలు విరిగినా ఆడాడు. 2003 డిసెంబరులో నాన్న చనిపోయిన మర్నాడు మైదానంలో దిగి 399 గజాల మేర బంతి విసిరి గెలిపించాడు. 1995, 96, 97 మూడేళ్లూ లీగులో ఉత్తమ ఆటగాడు. 1997 జనవరిలో సూపర్ బౌల్ కప్పు తెచ్చాడు. ఆ ఊళ్లో పిల్లలకు బ్రెట్ అని పేర్లు పెట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది.

2007 సీజన్లో టీము 13 గెలిచి 3 ఓడింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద, 2008 జనవరి 20న సొంత మైదానంలో గడ్డకట్టే చలిలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 23-20తో ఓడిపోయారు. అదనపు సమయంలో ఫార్వ్ విసిరిన చివరి బంతి అవతలివాళ్లకు దొరికింది. మార్చిలో రిటైర్ అవుతున్నానన్నాడు. మైకు ముందు మాట రాక ఏడ్చాడు. ఆ వీడియో చూస్తే ఎవరికైనా గొంతు పట్టేస్తది, మాకూ పట్టేసింది.

ఇప్పుడు గీత బయట నిలబడ్డవాడి సంగతి. ఆరన్ రాజర్స్. స్కూలు అయిపోయాక పెద్ద యూనివర్సిటీలేవీ పిలవలేదు. ఇంటి దగ్గర్లోని బ్యూట్ అనే రెండేళ్ల కాలేజీలో చేరి, అక్కడ ఆడి చూపించి, తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లాడు. (ఎక్కడా సీటు రాక దగ్గర్లో దొరికిన డిగ్రీ కాలేజీలో చేరినవాళ్లం ఈ గ్రూపులో ఎంతమందిమో!) 2005లో టీములు ఆటగాళ్లను ఎంచుకునే రోజు అతన్ని మొదటే తీసుకోవచ్చని అందరూ అనుకున్నారు. తీసుకోలేదు. కెమెరాలన్నీ ముఖం మీదే ఉండగా గంటల తరబడి ఆ గదిలో కూర్చున్నాడు, పేర్లు పిలుస్తున్నారు, తన పేరు లేదు. 24వ పేరుగా గ్రీన్ బే పిలిచింది. పిలిచి ఎక్కడ కూర్చోబెట్టింది? ఒక్క మ్యాచూ వదలని మనిషి వెనకాల. మూడేళ్లు.

ఫార్వ్ వెళ్లాక టీము రాజర్స్‌కు మాటిచ్చింది. అంతలో మార్చి నెలాఖరులోనే ఫార్వ్ ఒకసారి వస్తానన్నాడట, టీము సరే అందట, మళ్లీ ఆయనే వద్దన్నాడట. ఇది టీమువాళ్లు తర్వాత చెప్పిన మాట. ఏప్రిల్‌లో ఇంకో ఇద్దరు కొత్త కుర్రాళ్లను అదే చోటుకు తీసుకున్నారు. ఎండాకాలమంతా ఆటల ప్లాన్లు రాజర్స్ చేతికి తగ్గట్టు వేసుకున్నారు. జులైలో ఫార్వ్, నేను ఆడతా, లేదంటే నన్ను వదిలెయ్యండి అన్నాడు.

ఊరు రెండుగా చీలిపోయింది. ఆగస్టులో జనం ముందు ప్రాక్టీసు ఆట పెడితే, ఇంకా ఒక్క మ్యాచు కూడా ఓడని రాజర్స్‌ను చూసి కొందరు ఛీకొట్టారు. ఆ కుర్రాడు చేసిన తప్పేంటి? వరుసలో నిలబడ్డాడు, వంతు వచ్చింది, ముందుకు జరిగాడు. అంతే. మేము నలుగురం ఇక్కడే ఒక నిర్ణయానికి వచ్చాం. ఫార్వ్‌ను టీము మళ్లీ ఆ చోట్లోకి తీసుకోకపోవడం సరైన పని. ఆయన ఆట తగ్గిందని కాదు, తగ్గలేదు. నేను పోతున్నాను అన్నమాట ఒక్క మనిషిది కాదు. అది విన్నరోజు నుంచి ఇంకొకరి బతుకు దాని మీద నిలబడతది. చోటు ఖాళీ చేసినవాడికి పేరుంటది, ఆస్తి ఉంటది, జనం ఉంటారు. వెనకాల నిలబడ్డవాడికి ఆ మాట ఒక్కటే ఉంటది.

"మరి లెక్కలు చూడండ్రా" అంటారు మా ఇద్దరు. చూద్దాం. 2008లో రాజర్స్‌తో గ్రీన్ బే 6 గెలిచి 10 ఓడింది. అంతకుముందు ఏడు 13 గెలిచిన టీము! ఫార్వ్‌ను న్యూయార్క్ జెట్స్‌కు పంపేశారు. అక్కడ మొదట 8 గెలిచి 3 ఓడి, తర్వాత చెయ్యి దెబ్బతిని, చివరికి 9-7తో ఆగిపోయాడు. మళ్లీ రిటైర్ అన్నాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి గ్రీన్ బేకి బద్ధశత్రువైన మిన్నెసోటా వైకింగ్స్‌కు! నలభై ఏళ్ల వయసులో 33 టచ్‌డౌన్లు విసిరి, అవతలివాళ్లకు ఏడుసార్లు మాత్రమే బంతి చిక్కనిచ్చాడు. 12 గెలిచి 4 ఓడారు. ఆ సీజన్లో గ్రీన్ బేని రెండుసార్లు ఓడించాడు, ఒకటి గ్రీన్ బే గడ్డ మీదే, 2009 నవంబరు 1న, 38-26. పదహారేళ్లు చప్పట్లు కొట్టిన జనమే ఆరోజు గోలగోలగా వెక్కిరించారు. "ఇప్పుడు చెప్పండి, ఎవరిది తప్పు?" అని మా ఇద్దరు ఫోను మా ముఖం మీద పెట్టారు.

మాకు జవాబు లేక కాదు. ఆ తర్వాతి సీజన్లో, 2011 ఫిబ్రవరి 6న, రాజర్స్ గ్రీన్ బేకి సూపర్ బౌల్ తెచ్చాడు, పిట్స్‌బర్గ్ మీద 31-25. ఆ మ్యాచులో ఉత్తమ ఆటగాడు అతనే. కానీ నిజం చెప్పాలంటే ఈ కప్పును మేము వాదనకు వాడుకోం. 2008 ఆగస్టులో ఆ కప్పు వస్తదని ఎవరికి తెలుసు? ఒకవేళ రాజర్స్ మోకాలు విరిగి ఇంటికి పోయి ఉంటే, మాట నిలబెట్టుకోవడం తప్పయిపోయేదా? మా దృష్టిలో 6-10 సీజన్ అయిపోయిన రోజున కూడా ఆ నిర్ణయం సరైనదే. గెలుపుతో ముడిపెడితే, మొదటి ఏడాది తడబడే ప్రతి కొత్తవాడినీ లేపి బయట కూర్చోబెట్టాలి. మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లం, మొదటి సెమిస్టర్ మార్కులు చూసి మనల్ని లెక్కగడితే ఎంతమందిమి ఉండేవాళ్లం?

అలాగని టీము ఏదో ధర్మరాజని మేము అనం. చోటు లేదు అనడం న్యాయం. కానీ వదిలెయ్యమంటే వదల్లేదు, ఎందుకంటే పక్కనున్న వైకింగ్స్‌లోకి పోతాడని భయం. ఆడకుండా ఇంట్లో ఉంటే టీము ప్రచారానికి పదేళ్లకు రెండు కోట్ల డాలర్ల దాకా ఇస్తామని బేరం పెట్టినట్టు వార్తలొచ్చాయి. జెట్స్‌కు అమ్మేటప్పుడు కూడా, వాళ్లు గనక అతన్ని వైకింగ్స్‌కు అమ్మితే పెద్ద పరిహారం కట్టాలని షరతు రాయించుకున్నారు. ఇంట్లో చోటు లేదని చెప్పి, వాకిట్లోంచి కూడా కదలనివ్వకపోవడం ఇది. ఇక్కడ మేము ఫార్వ్ వైపే. ఒక మనిషికి తన చేతిలో ఇంకా ఆట ఉందనిపిస్తే ఎక్కడో ఒకచోట ఆడుకోనివ్వాలి. మన దగ్గర ఆడమంటే మాత్రం వీల్లేదు.

మా హాస్టల్ వాలీబాల్ టీములో ఇలాంటిదే జరిగింది. చాలా చిన్నది, పోలికకు చెప్తున్నాం. మా లిఫ్టర్ అన్న డిగ్రీ అయిపోయి పోతూ పోతూ తన బూట్లు ఫస్టియర్ తమ్ముడికి ఇచ్చిపోయాడు. తర్వాతి ఏడాది కోచింగ్ కోసం టౌనుకు వచ్చి రూం తీసుకున్నాడు, సాయంత్రాలు గ్రౌండుకు వచ్చేవాడు. టోర్నమెంటు ముందు "చేతులు దురద పెడుతున్నయ్ రా" అన్నాడు. అందరి కళ్లూ తమ్ముడి మీదికి పోయాయి. వాడు తల వంచుకుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఇచ్చేద్దామని. అన్న ఒక నిమిషం చూసి, "కట్టుకోరా, నేను బయట నిలబడి అరుస్త" అన్నాడు. రెండో రౌండులోనే ఓడిపోయాం. అన్న ఆడి ఉంటే సెమీస్‌కు పోయేవాళ్లమని మా ఇద్దరు ఇప్పటికీ అంటారు, కావచ్చు కూడా. తమ్ముడు ఈ ఏడాది కూడా ఆడుతున్నాడు, లిఫ్టింగ్ కొంచెం బాగుపడింది, కొంచెమే.

ఫార్వ్ కథ చివరికి ఏమైందంటే, 2013లో ఒక అవార్డుల వేదిక మీద ఆయనా రాజర్స్‌ పక్కపక్కన నిలబడి నవ్వారు. 2015 జులైలో గ్రీన్ బే ఆయన్ని పిలిచి తన గౌరవ జాబితాలో చేర్చి, 4వ నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వమని ప్రకటించింది. ఆరోజు మైదానంలో మ్యాచు లేదు. అయినా ఆయన్ని చూడటానికి దాదాపు 67 వేల మంది వచ్చారు, వెక్కిరించిన జనమే. తిరిగి రమ్మనడం అంటే ఇదే అని మేము నలుగురం అంటాం. మా ఇద్దరేమో, "చేతిలో బంతి లేకుండా పిలిస్తే అది పిలుపెట్లయితది, సన్మానం అయితది" అంటారు.

వాదన ఇక్కడ ఆగేదే గానీ ఆ ఊళ్లో అదే కథ మళ్లీ నడిచింది. 2020లో గ్రీన్ బే జోర్డన్ లవ్ అనే కుర్రాడిని తీసుకుని రాజర్స్ వెనకాల నిలబెట్టింది. అతనూ మూడేళ్లు నిలబడ్డాడు. 2023లో రాజర్స్‌ను పంపేశారు, ఎక్కడికో తెలుసా, అదే న్యూయార్క్ జెట్స్‌కు. అక్కడ మొదటి మ్యాచులో నాలుగో ఆటకే రాజర్స్ మడమ నరం తెగి సీజన్ అయిపోయింది. లవ్ మొదటి ఏడాదే టీమును ప్లేఆఫ్స్‌కు తీసుకుపోయి, డల్లాస్‌ను వాళ్ల ఊళ్లోనే ఓడించాడు. రాజర్స్ కాలు బాగయ్యాక గ్రీన్ బేకే వస్తానని ఉంటే ఏం చేసేవాళ్లని నిన్న రాత్రి మళ్లీ మొదలైంది. ఈసారి మాలో ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. మీ హాస్టల్ టీముల్లో ఇలాంటిది జరిగి ఉంటే, ఎవరిని ఆడించారో, బయట కూర్చున్నవాళ్లు ఏమన్నారో కింద రాయండి.