కోటబొమ్మాళిలో నాలుగు సొరుగులు

కోటబొమ్మాళి అనగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. పోలీసు యూనిఫాంలో శ్రీకాంత్! 2023 నవంబర్‌లో 'కోట బొమ్మాళి పి.ఎస్.' వచ్చేక, అప్పటిదాకా శ్రీకాకుళం దాటితే తెలియని మా ఊరి పేరు హైదరాబాదు మల్టీప్లెక్సుల టిక్కెట్ల మీద అచ్చయింది. మలయాళంలో 'నాయాట్టు'గా వచ్చిన కథ, తెలుగులో మా ఊరి పేరు పెట్టుకుంది. ఆ సినిమాలో పాట మీరూ పాడే ఉంటారు, రీలూ చేసే ఉంటారు. మంచిదే. కానీ నేనిప్పుడు చెప్పబోయే కోటబొమ్మాళిలో పోలీసులు లేరు, ఛేజింగులు లేవు. ఓ పనస చెట్టు, ఓ వడ్రంగి మేస్త్రి, మా అమ్మమ్మ, నాలుగు సొరుగులు... అంతే.

ఇంతకీ కథ విశాఖపట్నంలో మొదలైంది. మా మామయ్య కొడుకు, అంటే మా బావ, అక్కడ కొత్త ఫ్లాటు కొన్నాడు. హాల్లో ఓ మూల ఖాళీ ఉంది. ఆ మూలకి 'బార్ కేబినెట్' కావాలన్నాడు. చిన్నప్పట్నుంచి పాత సినిమాలు చూసి పెరిగినవాడు. జమీందారు నైట్‌గౌను తొడుక్కుని మెట్లు దిగి, అద్దాల బీరువా తెరిచి, గ్లాసులో ఒంపుకుని, కిటికీ వైపు తిరిగి డైలాగు చెప్పడం... ఆ సీను వాడి బుర్రలో స్థిరపడిపోయింది.

"బావా, సెట్టులో ఆ సీసాల్లో ఉండేది రంగునీళ్ళురా" అన్నాను.

"నా సీసాల్లో రంగునీళ్ళుండవు కదా!" అన్నాడు.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. సినిమా సెట్లో బీరువాకి ముఖమే ఉంటుంది, కడుపుండదు. అవసరమైతే తప్ప సొరుగులు తెరుచుకోవు. ప్లైవుడ్డు మీద నాలుగు గీతలు, నాలుగు గుబ్బలు... కెమేరాకి అది చాలు. 1953లో వచ్చిన 'దేవదాసు'లో తాగుబోతు కళ్ళకోసం అక్కినేని అర్ధరాత్రి షూటింగుకి ముందు పెరుగన్నం తినేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెరుగన్నంతో మైకం తెప్పించగల కళ మనది! కానీ ఇంట్లో బీరువా అలా కాదు. రోజూ లాగాలి, రోజూ తొయ్యాలి.

షాపుల్లో దొరికే రంపంపొట్టు బోర్డు బావకి నచ్చలేదు. "అమ్మమ్మ దగ్గర పనస చెక్కలున్నాయి కదరా" అన్నాడు. నా గుండె కొంచెం జారింది.

ఆ చెక్కల చరిత్ర ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క రాత్రిలో పడిపోయిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. కోటబొమ్మాళిలో మా అమ్మమ్మ పెరట్లో పనసచెట్టు కూడా ఆ రాత్రే కూలింది. ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో నాటిన చెట్టు. మర్నాడు ఫోన్లు లేవు, కరెంటు లేదు. నేను మూడో రోజుకి చేరేను. ఇల్లు నిలబడే ఉంది, ఆవిడ మాత్రం పడిపోయిన మాను మీద చెయ్యేసి కూర్చునుంది. కట్టెలకి అమ్మేద్దామన్నారందరూ. ఒప్పుకోలేదు. మర్నాటి ఏడాది మామయ్య మిల్లులో కోయించి, అంగుళం మందం చెక్కలుగా పశువుల శాలలో పేర్పించేడు. చెక్కకీ చెక్కకీ మధ్య గాలాడేలా పుల్లలు పెట్టి మరీ. ఐదేళ్ళు ఆరేయి.

ఆ చెక్కల్ని అడగడానికి 2024 ఫిబ్రవరిలో బయల్దేరేను. విశాఖలో పలాస పాసింజరెక్కితే, నాగావళి, వంశధార రెండూ దాటేక ఊర్లాం, తిలారు, హరిశ్చంద్రపురం... తర్వాత మనదే. హరిశ్చంద్రపురం అని స్టేషనున్న రూట్లో అబద్ధం చెప్పడానికి వెళ్తున్నానని అప్పుడు తట్టలేదు. అవును, అబద్ధమే. "బావకి పుస్తకాల బీరువా కావాలట అమ్మమ్మా" అన్నాను. ఆవిడ మారు మాటాడకుండా శాల తాళం ఇచ్చింది.

మేస్త్రి ఇల్లు రెండు వీధులవతల. డెబ్బై దాటిన మనిషి. తాటాకుల పందిరి కింద పనిబల్ల, గోడకి రంపాలు, ఉలులు, బాడిస, చిత్రిక. నేను తెచ్చిన చెక్కని ఎండలో పెట్టి, బొటనవేలితో రుద్ది, వాసన చూసేడు. చిత్రిక ఒక్కసారి తోసేడు. లోపల పసుపు! పసుపంటే పసుపుకొమ్ము విరిచినట్టు. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఆ పసుపు బెల్లం రంగుకి, తర్వాత చింతపిక్క రంగుకి తిరుగుతుంది. బర్మా, థాయిలాండుల్లో కొందరు బౌద్ధ భిక్షువులు తమ బట్టలకి రంగద్దేది ఈ పనస పొట్టు మరిగించే. మన బొబ్బిలి వీణ తొలిచేదీ ఈ పనసలోంచే.

"వీణ అవ్వాల్సిన సెక్క బావూ ఇది" అన్నాడు మేస్త్రి. "ఏటి సేద్దామని?"

ఆయన దగ్గర అబద్ధం చెప్పలేకపోయేను. ఎందుకంటే బావ గీసిన కాగితం చేతిలో ఉంది. పైన సీసాల గూడు, కింద నాలుగు సొరుగులు. ఓపెనర్లకి, చెంచాలకి ఒకటి. గ్లాసుల కింద వేసే గుడ్డలకి ఒకటి. కింద రెండూ పెద్దవి. బీరువా లోతు పద్దెనిమిది అంగుళాలు. కానీ అట్టడుగు సొరుగు లోతు పన్నెండే వేసేడు బావ.

మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని ఆ అంకె దగ్గర ఆగేడు. "ఇదెందుకు పొట్టిగుంది?"

"వెనకాల ఆరంగుళాలు ఖాళీ ఉంటుంది కదా మేస్త్రిగారూ. సొరుగు పూర్తిగా లాగేస్తే లోపల చెయ్యి పెట్టొచ్చు. ఖరీదైన సీసా ఒకటి పడుకోబెట్టుకుంటాడట. స్నేహితుల కంట పడకుండా!" అని నవ్వేను.

ఆయన నవ్వలేదు. చెవిమీంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టేసేడు. "ఈ సెక్క పెద్దమ్మది. ఆవిడికి ఏటని సెప్పినావు?"

చెప్పేను.

"అయితే ముందెల్లి నిజం సెప్పిరా. ఆవిడ సరే అంటేనే నాను ఉలి పడతాను. లేదంటే నీ సెక్క నువ్వు అట్టుకుపో."

చెప్పొద్దూ, ఆ రెండు వీధులూ నాకు రెండు మైళ్ళయేయి. అమ్మమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు గింజలు తీసేను. "అమ్మమ్మా... అది పుస్తకాల బీరువా కాదు" అన్నాను.

"తెల్సు" అంది.

"ఎలా?"

"ఆడెప్పుడు పుస్తకం సదివేడని?"

కాసేపు ఏమీ మాటాడలేదు. తర్వాత పెరట్లో చెట్టున్న చోటు వైపు చూస్తూ అంది. "మీ తాత తాగొచ్చిన రాత్రులు నాను తలుపు తీసీదాన్ని కాదు. ఆ సెట్టు కిందే తొంగునీవోడు. తెల్లారేసరికి మీద ఆకులు రాలి ఉండీవి. సెట్టుకిదేటి కొత్త కాదురా... పట్టుకెల్లు. మిగిలిన సెక్కతో నాకో పోపులపెట్టి సేయించు. ఇంకోపాలి అబద్దమాడకు."

తాతయ్య గురించి ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాటినుంచి పని మొదలైంది. తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. ఉల్లి పొరల్లాంటి చిత్రిక పొట్టు కాళ్ళ కింద చుట్టలు చుట్టుకుని పడుతుంటే, సొరుగు అనేది పెట్టె కాదనీ, అదో జంతువనీ నాకు తెలిసింది.

"సెక్క సచ్చిపోయిందనుకుంతన్నావేటి?" అనేవాడు మేస్త్రి. "వానొస్తే తాగుతాది, ఎండొస్తే కక్కుతాది. అడ్డంగా ఉబ్బుతాది, పొడుగ్గా ఉబ్బదు." ఈ ఒక్క ముక్క అర్థమైతే సొరుగుల విద్య సగం వచ్చినట్టే. అందుకే సొరుగు అడుగు పలకకి ఆయన జిగురు రాయలేదు, మేకు కొట్టలేదు. పక్క చెక్కల్లో గాడి తీసి, అందులోకి తోసి ఊరుకున్నాడు. ఉబ్బితే ఉబ్బుతుంది, తగ్గితే తగ్గుతుంది... దాని చోటు దానిది. బిగించేమంటే ఓ ఎండాకాలంలో నిలువునా చీలుతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో అయితే మరీను.

మూలల దగ్గరే అసలు పని. మేకులుండవు. ఒక చెక్క చివర పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు, రెండో చెక్కలో వాటికి సరిపోయే పంటిసందులు. పళ్ళు వెడల్పయ్యేది చివర కాబట్టి ముందుకి లాగితే ఊడిరావు. లాగేకొద్దీ బిగుస్తాయి. ఎదర పలక మీద మాత్రం ఈ పళ్ళు కనిపించకూడదు, అందుకని మందంలో కొంత వదిలి లోపలికే తొలుస్తారు. ఒక్కో మూలకి పూటన్నర పట్టింది. ఎదుటి వీధిలో కుర్రాళ్ళు మెషీన్ పెట్టి, స్టీలు చానల్సు బిగించి రోజుకి అర డజను సొరుగులు దింపుతున్నారు. వాళ్ళని ఈయన ఒక్క మాట అనలేదు. "ఆల్లకీ పొట్టుండాల కదా" అన్నాడంతే. నిజానికి బరువు మొయ్యడానికి చానల్సే నయం. నిండు సీసా ఒక్కోటి కిలో పైమాటే. అరడజను పెడితే చెక్క మీద చెక్క రాసుకుని మూలుగుతుంది. ఆ మాట నేనంటే ఒప్పుకున్నాడు, కానీ చానల్ బిగించలేదు. పట్టాల మీద మైనం రుద్దేడు.

మధ్యలో ఓ రోజు నన్ను నారాయణవలస పశువుల సంతకి తీసికెళ్ళేడు. పనికేం సంబంధం లేదు, ఊరికే. ఎడ్ల పళ్ళు చూసి వయసు చెప్తూ తిరిగేడు. ఆ సందట్లో, బెల్లం టీ తాగుతూ, నేనడక్కుండానే చెప్పేడు.

1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టింది కదా. 1997 దాకా నడిచింది. మాకు ఒరిస్సా ఎంత దూరం? ఇచ్ఛాపురం దాటితే అదే. సరుకు రావడం ఆగలేదు, దాచుకునే చోటే కావలసొచ్చింది. ఆ రెండేళ్ళలో ఈ చుట్టుపక్కల పొట్టి సొరుగుల బీరువాలు చాలా చేసేడట మేస్త్రి. పెద్దమనుషుల ఇళ్ళకి. డబ్బులు బాగానే వచ్చేయి, పనితనం చూసి మెచ్చుకున్నారు కూడా. వాటిలో ఒకటి తన చెల్లెలి మొగుడికి చేసిచ్చేడు. కానుకగా, డబ్బు తీసుకోకుండా.

"నా సెల్లెలు ఇల్లంతా ఎతికీది బావూ. బియ్యం డబ్బాలు, అటక, గడ్డివాము. సొరుగు లాగి సూసీది, బట్టలుండీవి, మూసీసీది. ఎనకాల సెయ్యి పెట్టాలని దానికేటి తెల్సు? ఆడు పోయేక బీరువా అమ్మీడానికి బయటికి తీస్తే దొరికినాయి. తొమ్మిది కాళీ సీసాలు." టీ గ్లాసు కిందపెట్టేడు. "నన్నేటీ అన్లేదు. 'అన్నా, ఈ సొరుగు ఎందుకింత పొట్టిగ సేసినావు?' అని ఒక్క మాట అడిగింది."

తర్వాత ఎడ్ల బేరం వైపు తిరిగిపోయేడు.

నాలుగు సొరుగులూ తయారయ్యేయి. నాలుగూ పద్దెనిమిది అంగుళాల గూటికి సరిగ్గా వెనకగోడ తాకేవే. బావ కొలత అడిగితే ఏం చెప్పాలో నేను ఆలోచించుకోలేదు. పిడికి బుడితి ఇత్తడి గుబ్బలు వేయించేను. సరవకోట దగ్గర ఆ ఊరివాళ్ళు పోత పోసే కంచు, ఇత్తడి సామాన్లు మీకు తెలిసే ఉంటాయి. పనస పసుపు మీద ఆ ఇత్తడి పసుపు, చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. లక్క పాలిషు పట్టించి, దుప్పట్లు చుట్టి, ఆటో ట్రాలీలో హైవే మీదుగా విశాఖ పంపించేం. అమ్మమ్మ పోపులపెట్టె మేస్త్రి స్వయంగా తెచ్చిచ్చేడు. తొమ్మిది గూళ్ళు. దాంట్లో ఆవిడ పోపులు వెయ్యలేదనుకోండి, బీపీ మాత్రలేసుకుంది.

బావ బీరువా చూసి చాలాసేపు తలుపులే వేసి తీసేడు. తర్వాత అట్టడుగు సొరుగు పూర్తిగా బయటికి లాగి, చెయ్యి లోపలికి పోనిచ్చేడు. వేళ్ళకి వెనకగోడ తగిలింది. నా వైపు చూసేడు. నేను సంతలో విన్నది చెప్పేను. అప్పుడు కాఫీ కప్పులతో వచ్చిన అక్క, అంటే వాడి భార్య, గుమ్మంలోనే నిలబడి విందని నేను చూసుకోలేదు.

జూలైలో వానలు పడ్డాక బావ ఫోన్ చేసేడు. "ఒరేయ్, మీ మేస్త్రి పని ఇంతేనా? కింది సొరుగు రావట్లేదు, బిగుసుకుపోయింది!"

"తాగిందిలే, ఎండకి కక్కుతుంది. ఈలోగా పట్టాల మీద కొవ్వొత్తి రుద్దు."

పది నిమిషాలకి మళ్ళీ మోగింది. "వచ్చిందిరా."

"అంత అర్జెంటా? ఏముందందులో?"

"నాదేం లేదు. అది మీ అక్క ఆక్రమించేసి చాలా రోజులైంది. కరెంటు బిల్లులు, పిల్లల మార్కుల కార్డులూ... రేపే ఫీజు కట్టాలట."