మోదుగ పూసే వేళ మెదక్‌కు

పొద్దున ఆరున్నరకు నార్సింగి చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. కోకాపేట టవర్ల అద్దాల మీద అప్పుడే ఎండ పడుతోంది. స్టాపు పక్కన వేపచెట్టు ఒకవైపు ఆకు రాలుస్తూ, ఇంకోవైపు ఎర్రగా చిగురు వేస్తూ ఉంది. శ్రమ దినాల రెండో వారం అది.

ఇదివరకు ఆ వేళకు క్యాబ్‌లో ఉండేదాన్ని. పోయిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో నా పదమూడేళ్ల ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు, ఓదార్చడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ దాదాపు ఒకే మాట అన్నారు. ద్రాక్షతీగను కత్తిరిస్తేనే ఎక్కువ ఫలిస్తుంది, దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడమ్మా, అని. ఆ పోలిక ఉన్న యోహాను సువార్త పదిహేనో అధ్యాయం నాకూ ఇష్టమే. అయినా ఆ మాటకు ఆమెన్ అనడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో తేల్చుకోకుండా ఈస్టర్‌కు గుడి మెట్లు ఎక్కలేననిపించింది. అందుకే మెదక్ బయలుదేరాను. అక్కడి చర్చి కట్టేటప్పుడు మా నాయనమ్మ వాళ్ల నాయన పద్నాలుగేళ్ల పిల్లాడిగా రాళ్లు మోసిన చోటు అది.

మెహిదీపట్నంలో ఒక బస్సు మారి, బాలానగర్‌లో మెదక్ ఎక్స్‌ప్రెస్ అందుకున్నాను. ఆధార్ కార్డు చూసి కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. జీతం లేని నెలల్లో ఆ చిన్న కాగితం ఎంత ధైర్యమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

మా నార్సింగికి ఋతువులు తెలియవంటారు, అన్ని కాలాల్లోనూ ఏసీ, కాంక్రీటే కదా అని. అది నిజం కాదు. వానాకాలంలో గండిపేట గేట్లు ఎత్తారంటే మంచిరేవుల వైపు సర్వీసు రోడ్డు మునుగుతుంది, మూసీ తానెవరో గుర్తుచేస్తుంది. గండిపేట అని మేం పిలిచే ఉస్మాన్‌సాగర్ కూడా ఒక చెడ్డ ఋతువు కడుపున పుట్టిందే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేల ప్రాణాలు పోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, వరదను పైనే ఆపే జలాశయాలకు ఆలోచన చేయించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇటు మెదక్‌లో కరువు మధ్య ఒక గుడి లేస్తోంది. ఒకచోట నీళ్లు ఎక్కువై, మరోచోట నీళ్లు లేక. చిన్నప్పటి నుంచీ నేను ఈ రెంటి మధ్యే తిరుగుతున్నానన్న సంగతి ఆ రోజు బస్సులో కూర్చున్నాకే తోచింది.

గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల దాటాక గోదాములు పలచబడ్డాయి. నర్సాపూర్ అడవి మొదలైంది. టేకు చెట్లు ఒక్క ఆకు లేకుండా నిలబడ్డాయి. కింద నేలంతా గోధుమరంగు ఆకుల పరుపు. రోడ్డు అంచున కోతులు. బస్సు కాస్త మలుపు తిరిగేసరికి మోదుగలు కనపడ్డాయి. కొమ్మకు పచ్చదనమన్నదే లేదు, నిప్పు రాజేసినట్టు పూలు మాత్రం ఉన్నాయి. నేను కిటికీకి అతుక్కుపోయాను. పక్క సీటులోని ఆడమనిషి నన్ను చూసి నవ్వి, "మోదుగు పూసిందంటే ఎండ ముదురుతదన్నట్టే" అంది.

ఎండాకాలం ముంగిట టేకు ఆకు రాల్చేది ప్రాణం నిలుపుకోవడానికే. భూమిలో తడి తగ్గుతున్నప్పుడు ఆకులుంటే ఉన్న నీళ్లన్నీ వాటిగుండా ఆవిరైపోతాయి. అందుకని చెట్టు ఆకులనే వదులుకుంటుంది. ఉద్యోగం పోయాక నేను వదులుకున్నవి గుర్తొచ్చాయి. కారు, క్లబ్ సభ్యత్వం, ఎవరో ఏమో అనుకుంటారన్న బెంగ. మొదటి రెండూ పోతే నొప్పి పుట్టింది. మూడోది ఎప్పుడు రాలిందో నాకే తెలియలేదు.

ఉపవాసాలుండే ఈ నలభై రోజుల శ్రమ దినాలను ఇంగ్లీషులో లెంట్ అంటారు. ఆ మాటకు పాత ఇంగ్లీషులో అర్థం వసంతకాలం. ఇంగ్లీషువాళ్ల దేశంలో మంచు కరిగి పగళ్లు పొడుగయ్యే కాలం కనుక ఆ పేరు. మనకు లెంట్ వచ్చేది ఆకురాలు కాలంలో, ఈస్టర్ వచ్చేది మండే ఏప్రిల్‌లో. క్రిస్మస్‌కు అక్కడ మంచు, మనకేమో వడ్లు ఇల్లు చేరిన వేళ. మరి దిగుమతి చేసుకున్న ఋతువులతో మన విశ్వాసాన్ని ఎలా చదువుకోవాలి? తెలుగు బైబిలు అనువదించినవాళ్లు ఈ చిక్కును ఎరిగినవాళ్లేనని నాకు అనిపిస్తుంది. యాకోబు పత్రికలో రైతు ఎదురుచూసే మొదటి వానకు వాళ్లు 'తొలకరి' అన్నారు. పాలస్తీనాలో ఆ వాన పడేది అక్టోబరు, నవంబరుల్లో. మన తొలకరి జూన్‌లో. నెలలు కలవవు, కానీ నాగలి సిద్ధం చేసుకుని ఆకాశం వంక చూసే మనిషి అక్కడా ఇక్కడా ఒక్కడే. ఆ ఒక్క మాటతో అతను మన ఊరివాడైపోయాడు.

ద్రాక్ష సంగతీ అంతే. మా నాన్న చాలా ఏళ్లు రాజేంద్రనగర్ వైపు ఒక ద్రాక్షతోటలో పని చేశాడు. హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లు పరచుకున్న కాలం అది. చలిదేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది, అప్పుడు ఒక్కసారి కత్తిరిస్తారు. మన వేడికి తీగ నిద్రపోదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ గట్టిపడటానికి, అక్టోబరులో మరోసారి కాయ పట్టడానికి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత కాయ రాదు, ఎండలో కొత్త కొమ్మ సాగడమే. మొదటిసారి చూసినప్పుడు నేను ఏడిచానట, తోట చచ్చిపోయిందని. నాన్న నన్ను వెంటబెట్టుకుని మళ్లీ తోటలోకి తీసుకెళ్లాడు. ఒక డబ్బాలో నీలంగా ఉన్న బోర్డో పేస్టు పట్టుకుని, కుంచెతో ఒక్కో గాయానికీ పూశాడు. కోసిన చోట తెగులు సోకకుండా. ఆ తర్వాత కూడా రోజూ వెళ్లి చూసి వచ్చేవాడు.

కౌడిపల్లి దాటుతుండగా ఆ నీలం రంగు కళ్ల ముందుకు వచ్చింది. నా నోటికి ఆమెన్ ఎందుకు రాలేదో అర్థమైంది. ఆ వీడియో కాల్‌లో మనుషులను కోసినవాళ్లు మళ్లీ తిరిగి రాలేదు. గాయానికి మందు పూసే చెయ్యి లేదు. దాన్ని కత్తిరింపు అంటే తోటమాలిని అవమానించడమే. యేసు తన తండ్రిని వ్యవసాయకుడితో పోల్చాడు, నరికి పారేసేవాడితో కాదు. తీగను రేపు కూడా చూసుకునేవాడి చేతిలోనే కత్తికి అర్థం ఉంటుంది.

కొల్చారం నుంచి యాసంగి వరి పచ్చగా కనిపించింది. మంజీర దగ్గరే ఉంది, ఘనపురం ఆనకట్ట కాలువల ప్రాంతం ఇది. కాసేపటికి చర్చి గోపురం కనపడింది. చాలా దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదుకు వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. తర్వాత మెదక్ చేరాడు. జనానికి ఆయన పాస్నెట్ దొర. కరువుతో ఊళ్లు ఖాళీ అవుతుంటే ఊరికే తిండి పంచే బదులు పని ఇచ్చి గింజలు ఇద్దామనుకున్నాడు. 1914లో మొదలైన కట్టడం పదేళ్లు సాగింది. ఆ మధ్యలోనే ప్రపంచయుద్ధం, 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బై అయిదు అడుగుల గోపురం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మెదక్ అధ్యక్ష మండలానికి ఇది కథీడ్రల్ అయింది.

ఈ కథ చెప్పేటప్పుడు కొందరు ప్రసంగీకులు, గుడి లేవాలనే దేవుడు కరువు పంపాడంటారు. మా నాయనమ్మ ఎదుట ఒకసారి ఎవరో అలాగే అన్నారు. ఆవిడ అప్పుడు మా తమ్ముడి కోసం కంచంలో అన్నం కలుపుతోంది. చెయ్యి ఆపి, "కరువు దేవుడు తేలే బిడ్డా. కరువుల బువ్వ వెట్టిండు" అంది. అంతే, మళ్లీ కలపడం మొదలెట్టింది. కంచం బయట ఒక్క మెతుకు పడినా ఏరి కళ్లకద్దుకుని తినేది. మెదక్‌ను మెతుకుసీమ అంటారు. ఆ పేరున్న నేల మీదే మెతుకు కరువైంది, ఆ నేల మీదే వాళ్ల నాయన తలకు మించిన రాయి మోసి సాయంత్రానికి గింజలు మూటగట్టుకుని ఇంటికి వచ్చాడు.

లోపల చల్లగా ఉంది. మూడు వైపులా రంగు అద్దాల కిటికీలు: ఆరోహణం, జననం, సిలువ. బలిపీఠం వెనక ఉన్న ఆరోహణం కిటికీ 1927 నాటిది. జననం 1947, సిలువ 1958. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ పనితనమే. ఎండ బయట ఎంత గట్టిగా కొడితే లోపల ఆ రంగులు అంత తేరతాయి. పొద్దు గుంకిందా, అన్నీ నల్లటి పలకలే. మిట్టమధ్యాహ్నపు ఎండకు సిలువ కిటికీ వెలుగుతుంటే నేను గ్రానైటు స్తంభానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. పద్నాలుగేళ్ల పిల్లాడు మోసింది ఇందులో ఏ రాయో తెలియదు. అందుకని వీలైనన్ని స్తంభాలు ముట్టుకున్నాను. హబక్కూకు ప్రవక్త అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలం, మంద అన్నీ లేకుండా పోయిన లెక్క ఒక్కొక్కటిగా చెప్పి, ఆ తర్వాతే ఆనందిస్తానంటాడు. పోయినవాటిని పోలేదని అనడు. నా ప్రార్థనలో నేనూ లెక్క మొత్తం చెప్పాను, దేనికీ మంచి పేరు పెట్టకుండా. ఆమెన్ దానంతటదే వచ్చింది.

బయట చెట్ల కింద మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబాలు పొయ్యిలు పెట్టుకుని వంట చేస్తున్నాయి. మతం ఏదైనా ఇక్కడికి వచ్చి మొక్కుకోవడం ఈ చుట్టుపక్కల మామూలే. నీడ కోసం వెళ్లిన నన్ను నుదుట పెద్ద బొట్టున్న ఒక ముసలమ్మ పిలిచింది.

"ఏ ఊరు బిడ్డా?"

"నార్సింగి అవ్వా."

"రామాయంపేట తొవ్వల నార్సింగా? మాదీ ఆ పక్కనే."

"అది కాదవ్వా, పట్నం కాడ. గండిపేట నార్సింగి."

"గట్లనా! ఏ నార్సింగైతేంది, కూసో. తిని పో."

మోదుగాకు విస్తరి నా ముందు పరిచింది. పోయిన ఏటి ఆకులు, ఎండబెట్టి ఈనెపుల్లలతో కుట్టినవి. వేడి అన్నం వేసింది, పైన కోడికూర పులుసు పోసింది. తింటుంటే నాలుగు మెతుకులు విస్తరి అంచు దాటి గడ్డిలో పడ్డాయి. ఏరుకున్నాను.

ముసలమ్మ చూస్తూనే ఉంది. గంటె మళ్లీ గిన్నెలో ముంచి, "ఇంకింత వెయ్యాలా బిడ్డా?" అంది.

విస్తరి ముందుకు జరిపాను.