చీకటి మీద అక్షరం

మా శాఖ ఏర్పాటు చేసిన శాసనాల ప్రదర్శనకు గోడపత్రం సిద్ధం చేసే పని నా వంతుకు వచ్చింది. రాతి మీది ఒక పంక్తి చీకట్లో దీపంతో వ్రాసినట్లు వెలగాలని పై అధికారి కోరిక. చిత్రకారునికి ఇవ్వడానికి పద్దులో సొమ్ము లేదు. చరిత్ర తప్ప మరొకటి చదవని నేను నలభై దాటాక ఫోటోషాప్ ముందు కూర్చున్నాను.

కాంతితో వ్రాయడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. 1949లో ఫ్రాన్సులోని వలోరిస్‌లో జోన్ మిలి చీకటి గదిలో కెమెరా కన్ను తెరచి ఉంచగా, పికాసో చిన్న విద్యుద్దీపంతో గాలిలో బొమ్మలు గీశాడు. దీపం నడచిన దారి ఫిల్ము మీద నిలిచింది. శాసనాల ప్రతులు తీసినవారికి ఈ దృశ్యం పరిచితమే. తడి కాగితాన్ని రాతికి అంటించి, కుంచెతో కొట్టి, సిరా అద్దితే చెక్కిన పల్లాలలోకి సిరా దిగదు. నల్లని నేల మీద తెల్లని అక్షరాలు తేలుతాయి.

ముందుగా కంప్యూటర్‌లోని తయారు అక్షరాలకే అంచు వెంబడి వెలుగు పూశాను. మిఠాయి దుకాణపు బోర్డులా వచ్చింది! ఫాంటుకు అక్షరపు అంచులే తెలుసు, చేయి నడచిన దారి తెలియదు. ఆ నడిమి గీతను పెన్ టూల్‌తో నేనే గీయాలి. తీరా ‘ఱ’ ఎక్కడ మొదలవుతుందో తోచలేదు. ఏళ్ళ తరబడి మీటలు నొక్కిన వేలితో బల్ల మీద నాలుగుసార్లు దిద్దుకున్నాను.

గీతను పసుపు చేస్తే రంగు పూసిన తాడులా కనిపిస్తుంది. దీపాన్ని కెమెరా చూసినప్పుడు నడుమ తెల్లగా మండిపోయి, రంగు అంచున మిగులుతుంది. అందుచేత గీత తెల్లగా, సన్నగా ఉండాలి. పసుపు దాని చుట్టూ అవుటర్ గ్లోలోనే రావాలి. చేయి మందగించే మలుపుల్లో వెలుగు చిక్కబడాలి. ఆ చిక్కదనం యంత్రం ఇవ్వదు, మళ్ళీ కుంచె అద్దుకోవలసిందే.

తరువాత శాసనపు ఛాయాచిత్రాన్ని అడుగు లేయర్‌గా పెట్టి దాని మీద గీయసాగాను. అయిదవ అక్షరం తల అరిగిపోయింది. అది ‘ప’ కావచ్చు, ‘వ’ కావచ్చు. ప్రచురిత పాఠంలో పరిష్కర్త ‘వ’ అని వ్రాసి చదరపు కుండలీకరణాల్లో ఉంచాడు. వెలిగే గీతలో ఆ సందేహాన్ని ఎలా చూపాలి? ఖాళీగా వదిలితే అచ్చుతప్పు అనుకుంటారని పై అధికారి అన్నారు. నేనూ వాదించలేదు. ‘వ’ తక్కిన అక్షరాలంత ధీమాగానే వెలిగింది.

ప్రదర్శన నాడు ఒక విద్యార్థిని ఆ పంక్తిని నోటు పుస్తకంలో ఎక్కించుకుంటోంది. పక్కనే శాసనపు ఛాయాచిత్రం ఉంది. ఆమె చూస్తున్నది గోడపత్రాన్ని.

ఆ అక్షరాన్ని వేరే లేయర్‌లో గీసి ఉంచాను. సాయంత్రం కార్యాలయానికి వెళ్ళి, దాని పక్కనున్న కంటి గుర్తును నొక్కి ఆర్పివేశాను. అప్పటికి 500 ప్రతులు జిల్లాలకు వెళ్ళిపోయాయి.