తార్నాక పక్కన అమెజాన్ అడవి

తార్నాక కూడలి దాటి ఉస్మానియా వైపు మళ్లితే బస్సుల రొద వెనకబడుతుంది. అక్కడే ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకుని, అందరూ ‘ఇఫ్లూ’ అని పిలిచే భాషల విశ్వవిద్యాలయం. 1958లో ఇంగ్లిషు బోధన కోసం పుట్టిన సంస్థ ఇది. ఇక్కడ సినిమా కూడా చదువే, దానికో విభాగమే ఉంది!

భయానక చిత్రాల గురించి చదవడం మొదలుపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పేరు ‘కానిబల్ హోలోకాస్ట్’. ఇటలీ దర్శకుడు రుజ్జేరో దెయొదాతో కొద్దిపాటి ఖర్చుతో అమెజాన్ అడవుల్లో తీసి 1980లో వదిలిన నరమాంస భక్షకుల కథ. అడవిలో మాయమైన బృందం తాలూకు రీళ్లు దొరికాయన్నట్టు చూపించాడు. అదే కొంప ముంచింది. నటుల్ని నిజంగానే చంపేశాడని కేసు! వాళ్లు బతికే ఉన్నారని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1999లో ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఇలాంటి కిటుకుతోనే కోట్లు గడించింది.

నటులు బతికారు సరే... తెరమీది తాబేలు, కోతి మాత్రం నటించలేదు. కెమెరా ముందు వాటిని నిజంగానే చంపారు. ‘కల్ట్’ అంటూ మురిసేవాళ్లు ఈ సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు. దర్శకుడే తర్వాత నొచ్చుకున్నాడు.

పిల్లలతో చూసే బొమ్మ కాదిది. వాళ్లను తీసుకుని అటు వెళ్తే, 1939 నాటి ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చోవచ్చు.