చక్రాలపై అమానతు

నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్‌లో, ఉదయసముద్రం చెరువు కట్టకు దగ్గరలో మా పాత మారుతీ ఓమ్నీ వ్యాను నిలిపి ఉంటుంది. ఫజ్ర్ నమాజు కాగానే మేమిద్దరం, అంటే భార్యాభర్తలం, ల్యాప్‌టాప్, ప్రింటరు, ఇన్వర్టరు, కాగితాల కట్టలు అందులో సర్దుకుని బిస్మిల్లాహ్ అని బయలుదేరుతాం. కనగల్, తిప్పర్తి, కట్టంగూర్ మండలాల పల్లెల్లో దరఖాస్తులు నింపడం, ఆన్‌లైన్ పత్రాలు ముద్రించి ఇవ్వడం, జిరాక్సులు తీయడం మా జీవనోపాధి. ఒక్క జిరాక్సు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని పట్టణానికి వచ్చేవారిని చూసి ఈ పని మొదలుపెట్టాం.

వ్యానులో ప్రింటరు పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదట దుకాణాల్లో వాడే లేజర్ ప్రింటరే పెట్టాం. అది పొడి సిరాను కాగితానికి అతికించేందుకు లోపలి రోలరును దాదాపు 200 డిగ్రీల వరకు వేడి చేస్తుంది. ఆ క్షణంలో వెయ్యి వాట్ల వరకు విద్యుత్తు లాగుతుంది. మా చిన్న ఇన్వర్టరు ఆ బరువు మోయలేక కీచుమని ఆగిపోయేది. చివరకు ఇంక్ ట్యాంక్ ప్రింటరుకు మారాం. దానికి ఇరవై వాట్లు కూడా అక్కరలేదు. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉంటే రోజంతా నడుస్తుంది. అయితే వాలుగా ఉన్నచోట నిలిపితే సిరా ఒలుకుతుంది. చెరువు గాలికి చెమ్మగిల్లిన కాగితాలు రెండేసి లోపలికి పోతాయి. అందుకే చదునైన నేల చూసుకుని వ్యాను ఆపడం, కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో దాచడం అలవాటు చేసుకున్నాం. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు మండే స్వభావం గల వాయువు వెలువడుతుంది కాబట్టి రాత్రిళ్లు వ్యాను తలుపు తెరిచే ఉంచుతాం.

ఇంటర్నెట్ కోసం రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నాం. ఒకటి అందని ఊళ్లో మరొకటి అందుతుంది. రెండూ అందకపోతే రౌటరును వ్యాను పైకప్పు మీద పెడతాం. అన్నీ కుదిరిన తర్వాత కూడా ఓటీపీ దగ్గర పని ఆగిపోతుంది. తల్లి ఇక్కడ మా ఎదుట నిలబడి ఉంటుంది, ఆమె ఆధార్‌కు జతచేసిన ఫోను దుబాయ్‌లోని కొడుకు చేతిలో ఉంటుంది.

2023 డిసెంబరు 28 నుండి 2024 జనవరి 6 వరకు రాష్ట్రమంతటా ప్రజాపాలన దరఖాస్తులు స్వీకరించారు. ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు జతచేయాలి. ఆ రోజుల్లో మాకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. రద్దీని చూసి ధర పెంచమని సలహా ఇచ్చినవారున్నారు. అల్హందులిల్లాహ్, మేము పెంచలేదు. ఆ సంగతి తలచుకుని మనసులో కొంత గర్వపడ్డాం కూడా.

జనవరి 5 రాత్రి ఇంటికి చేరి, అద్దం తుడుద్దామని ప్రింటరు మూత ఎత్తాం. అద్దం మీద ఒక ఆధార్ కార్డు ఉంది. ఆ సాయంత్రం చివరగా వచ్చిన ఒక వృద్ధ వితంతువుది అది. జిరాక్సు చేతికిచ్చి, అసలు కార్డు మరచిపోయాం. మరునాడే ఆఖరి రోజు. ఆమె ఫోను నంబరు మా దగ్గర లేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారగానే ఆ పల్లెకు వెళ్లాం. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. ఇల్లంతా వెతికిందట, బియ్యం డబ్బా కూడా బోర్లించిందట. కార్డు చేతిలో పెట్టి క్షమించమని అడిగాం. “మీ తానే ఉందేమోనని అనుమానం అయితే అయింది బిడ్డా. మనవణ్ణి తోలి అడిగిపిస్తే మిమ్ముల దొంగలన్నట్టయితదని ఊకున్న” అన్నది.

ఆమె తన నష్టాన్ని భరించి మా గౌరవాన్ని కాపాడింది. మేము ఆమె కార్డును కాపాడలేకపోయాం. ధర పెంచలేదన్న గర్వం ఆ వాకిట్లోనే అణగిపోయింది.

దివ్య ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వచనం సూరహ్ అల్ బఖరాలోని 282వది. అప్పు పత్రం రాసుకోవడం గురించి అందులో ఆదేశాలున్నాయి. రాసేవాడు న్యాయంగా రాయాలని, అల్లాహ్ నేర్పిన విద్యతో రాసిపెట్టడానికి నిరాకరించరాదని ఆ వచనం బోధిస్తుంది. సూరహ్ అన్నిసా 58వ వచనం అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆజ్ఞాపిస్తుంది. ఈ రెండింటినీ మేము ఎన్నోసార్లు పఠించాం. మా వ్యానుకు అవి వర్తిస్తాయని మాత్రం ఆ ఉదయమే తెలిసింది.

అప్పటినుండి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. కార్డును అద్దం మీద పెట్టేదీ, తీసుకునేదీ దాని యజమానే. పాడైన ప్రతిని వారి ఎదుటే చింపుతాం. ల్యాప్‌టాప్‌లోకి దించిన పత్రాలను సాయంత్రానికల్లా తుడిచేస్తాం. సరిపోయిన చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతినే తీసి ఇస్తాం. ప్రతి మీద అది ఏ పని కోసమో, ఏ తేదీన ఇచ్చారో రాసి సంతకం చేయమని చెబుతాం. పాఠకులు కూడా ఏ దుకాణంలోనైనా ఇంతపాటి జాగ్రత్త తీసుకోవడం మంచిది.

నిరుడు ఆ పల్లె మీదుగా వెళ్తూ ఆ అవ్వ ఇంటి ముందు ఆగాం. రేషన్ కార్డు జిరాక్సు కావాలన్నది. కార్డు మీరే పెట్టండి అవ్వా అన్నాం. “నాకేం తెలుస్తది, మీరే పెట్టుండ్రి” అంటూ మా చేతిలో పెట్టింది. మరోమారు బతిమాలి, ఆమె చేతనే మూత ఎత్తించాం.